తిరగేసిన సంచులు

టీబీ మందులిచ్చే గదిలో నాకు కోపం రాకూడదు. కౌన్సెలర్‌ని కదా, మెత్తగా మాట్లాడాలట. ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద ఓపిక అడుక్కుంటాను. సోమవారం పొద్దున్నే అది కాస్తా అయిపోతుంది.

ఆ సోమవారం నా ఓపికను హరించినవాడు నరేశ్. నేత కార్మికుల సంక్షేమం చూసే ఆఫీసుకు కొత్తగా వచ్చిన అధికారి. ఈ ఊళ్లోనే పుట్టాడట. నాది జమ్మికుంట, ఇక్కడివాళ్ల పూర్వోత్తరాలు నాకు తెలియవు. కరీంనగర్ నుంచి జీపు నిండా గుడ్డ సంచులు తెచ్చి నా గదిలో దింపించాడు. లోపల కందిపప్పు, పల్లీలు, బెల్లం పొట్లాలు. పైన ఇంతింత లావు ఎర్ర అక్షరాలు: ‘టీబీ సోకిన నేతన్నకు చేయూత’.

“మేడం, మీ దగ్గర మందులు తీసుకునే సాంచాల కార్మికుల పేర్లు, అడ్రసులు ఇయ్యుండ్రి. ఇంటింటికి నేనే పోయి ఇస్త.”

“ఇయ్య.”

అతను నవ్వాడు. “మీది సర్కారే, మాది సర్కారే. మన నడుమ దాపరికమేంది?”

“గా పేర్లు నాయి కావు సారూ. మందు కోసం నాకు చెప్పిండ్రు. వాళ్లను అడగకుంట పక్క ఆఫీసుకు ఎట్ల ఇస్త?”

“మంచికే అడుగుతున్న కదా!”

మంచికేనట! ఒళ్లు మండింది. నేతవాడలో పొద్దంతా సాంచాల చప్పుడే, మరమగ్గాలను ఇక్కడ అలాగే అంటారు. సర్కారు జీపు వచ్చిందంటే సాంచాలు ఆపి మరీ జనం గడపల్లోకి వస్తారు, ఎవరింటి ముందు ఆగిందా అని చూస్తారు. ఆ ఎర్ర అక్షరాలు చదవడానికి ఎంతసేపు? నా దగ్గర మందులు తీసుకునే దేవవ్వ అక్కడే ఒక షెడ్డులో నూలు కండెలు చుడుతుంది. జబ్బు సంగతి తెలిస్తే షెడ్డు ఆసామి మరునాడు ఆమెను లోపలికి రానివ్వడు. కొన్ని వారాలు మందులు పడ్డాక ఇది ఎవరికీ అంటదని నేను మొత్తుకున్నా వినడు. పని పోతుందని భయపడితే ఆమె మందులే మానేస్తుంది. మానేస్తే మనిషి దక్కదు.

పేరెత్తకుండా ఇదంతా చెప్పాను. అతను వినిపించుకోలేదు. “పెద్దసారుతోని ఫోన్ చేయిస్త,” అంటూ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని దేవవ్వ వచ్చింది.

ప్రభువా! ఈ నెల మందులకు ఆమె వచ్చే రోజు అదేనని మరిచేపోయాను. పేర్లు ఇవ్వనని అంత గొప్పగా చెప్పి, మనిషినే ఎదుట నిలబెట్టాను. పాపం, ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

“సారూ, మీరు జర బయటికి నడువుండ్రి,” అని కసిరాను.

నరేశ్ లేచాడు. దేవవ్వ ఓరగా అతని మొహంలోకి చూసింది. “నువ్వు లక్ష్మీరాజం కొడుకువు గాదా? గదే ముక్కు. చిన్నప్పుడే హాస్టల్‌కు పోతివి.”

“అవునవ్వా. మా బాపు మీకు తెలుసా?”

“నేను కండెలు చుట్టే కాడనే ఆయన సాంచా. ఆఖరికి దగ్గితే రక్తం పడేది. ‘దవాఖానకు పోదాం పా అన్నా’ అంటే, ‘పేరు రాసుకుంటరు చెల్లే, ఆసామికి ఎరుకైతే పని పోతది, పిలగాని సదువు ఆగుతది’ అన్నడు. గట్లనే నేసుకుంట నేసుకుంట పానం ఇడిసిండు.”

నరేశ్ మళ్లీ కూర్చుండిపోయాడు. “దుమ్ముకు దగ్గు అని చెప్పిండు మాకు,” అన్నాడు. నా కోపం ఎటు పోయిందో!

“గీ మేడం ఎవ్వరికి చెప్పనని మాటిచ్చింది, గందుకే నేను వస్తున్న. నువ్వు సుత చెప్పకు బిడ్డా.”

“చెప్పనవ్వా.”

మందులిచ్చి, ఆమెనే అడిగాను. “దేవవ్వా, పప్పు, బెల్లం ఇస్తున్నరు. కావాల్నా?”

ఆమె సంచీని ఆశగా చూసింది. “దాని మీద ఏం రాసిండ్రు?”

చదివి వినిపించాను.

“అద్దు బిడ్డా.”

నరేశ్ ఆ సంచీ తీసుకున్నాడు. పొట్లాలు బల్ల మీద పెట్టి, సంచీని లోపలిది బయటికి తిరగేసి, మళ్లీ సర్ది ఆమె చేతికిచ్చాడు. దేవవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

తరువాత అతను పెద్దసారు మాట ఎత్తలేదు, పేర్లూ అడగలేదు. మిగిలిన సంచులు ముందేసుకుని ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు.

“గిట్ల ఇస్తే మా బాపు తీసుకుంటుండె మేడం,” అన్నాడు.

ఇంకో సంచీ అందించాను.