ఎదురు పెట్టె

పైకి వెళ్తూ నూకయ్య ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాడు. కిందికి వస్తూ మింగాడు. నేల దగ్గరకు రాగానే రాట్నం తోసేవాడు చెంబు అందించాడు; పైకి పోతూ నీళ్లు తాగి, మళ్లీ కిందికి వచ్చినప్పుడు చెంబు ఇచ్చేసి ఇంకో ఇడ్లీ అందుకున్నాడు. ఎదురు పెట్టెలో మిఠాయి దుకాణం వాళ్ల పిల్లలు కేరింతలు కొడుతున్నారు. విజయనగరం ఎగ్జిబిషన్‌లో పొద్దున పూట జనం ఉండరు. అందుకని దుకాణాల వాళ్ల పిల్లల్ని ఊరికే ఎక్కించి, ఇరుసుకు ఆముదం పోసి, రాట్నం చేత ఒళ్లు విరిపించడం రోజూ ఉన్నదే. ఆ తిప్పుడులోనే నూకయ్య ఫలహారమూ తెమిలిపోతుంది.

పేరులో నూక ఉన్నా మనిషి మాత్రం బస్తా బియ్యం. అతనికి ఒకప్పుడు మెడ ఉండేదని పాతవాళ్లు చెప్పుకుంటారు. బుగ్గలు చెవుల్ని వెనక్కి నెట్టేశాయి. నవ్వొస్తే ముందు పొట్ట కదిలేది, ఆ కబురు కాస్త ఆలస్యంగా మూతికి అందేది.

అది చెక్క రాట్నం. నాలుగు పెట్టెలు, ఒక ఇరుసు, తోయడానికి ఇద్దరు మనుషులు. నూలు వడికే రాట్నం కాదు, ఎక్కినవాళ్లను వణికించే రాట్నం. ఎదురెదురు పెట్టెల్లో బరువు సరితూగితేనే తిరుగుతుంది; లేకపోతే బరువైన పెట్టె నేలను పట్టుకుని లేవనంటుంది. సంసారాలేమో విడివిడిగా కూర్చోవు. అమ్మ, నాన్న, పిల్లలు, పిల్లల చేతుల్లో బూరలు, అన్నీ ఒకే పెట్టెలోకి ఎక్కుతాయి. అప్పుడు ఎదురు పెట్టెలో ఒక బరువు కావాలి. ఆ బరువు నూకయ్య. స్వతంత్రం వచ్చిన కొత్తలో రాట్నం యజమాని జగన్నాధం అతన్ని ఏదో తిరనాళ్లలో చూసి, ఎగాదిగా కళ్లతోనే తూచి, వెంటబెట్టుకొచ్చేశాడు. కూర్చుని తినే ఉద్యోగం: కూర్చోవాలి, తినాలి. బరువే అతని పరువు. పెళ్లీ పెటాకులూ లేని నూకయ్య ఇరవయ్యేళ్లుగా జిల్లాలోని సంసారాలన్నిటికీ ఒక్కడే సరితూగుతూ వచ్చాడు.

ఆ ఉద్యోగంలో ఒక్కటే చిక్కు. ఎదురు పెట్టె ఎప్పటికీ ఎదురే. పిల్లలు పైనున్నప్పుడు నూకయ్య కింద. నూకయ్య పైనున్నప్పుడు పిల్లలు కింద. పైకెళ్లిన పిల్లలు ఏం చూసి అంత కేకలు పెడతారో, ఏమని అరుస్తారో, కింద ఈ రొదలో అతనికి వినపడేది కాదు. పెట్టె అడుగు, ఊగే చిన్న చిన్న పాదాలు, అంతే కనిపించేవి. భయపడే పిల్లలుంటే, రెండు పెట్టెలూ ఒకే ఎత్తుకు వచ్చే ఆ రెప్పపాటులో బుగ్గలు పూరించి కళ్లు గుండ్రంగా తిప్పేవాడు. పిల్లలు ఫక్కున నవ్వేవారు. అంతలోనే ఎవరి దారి వారిది.

ఆ వేళ ఆదివారం. నూకయ్య ఫలహారం ముగించి దిగేసరికి, జగన్నాధం నెల్లిమర్ల మిల్లు గోనె సంచుల్లో ఇసక పోయించి మూతులు కుట్టిస్తున్నాడు. సాయంత్రానికి ఇసక వేస్తే రాలనంత జనం వస్తారని ఇసకను ముందే కట్టి పడేస్తున్నారా అని నూకయ్య హాస్యమాడాడు. జగన్నాధం నవ్వలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, అసలు సంగతి బస్తాల వైపు చూస్తూ చెప్పాడు. నిన్న నూకయ్యను పెట్టెలోంచి లేవదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారని, మోకాళ్లు ఇంక ఎన్నాళ్లు ఓరుస్తాయని, ఈ పూట బస్తాలను ఎక్కించి చూస్తానని అన్నాడు. బస్తాకు ఆకలి వేయదన్న మాట అనలేదు గానీ, ఆ మాట ఇద్దరి మధ్యా ఇడ్లీ అంత గుండ్రంగా కూర్చుంది.

“అలాగే బాబూ,” అన్నాడు నూకయ్య.

టికెట్లు కోసే బల్ల పక్కన సోడాల పెట్టె ఒకటి బోర్లించి, దాని మీద కూర్చున్నాడు. అది కుయ్యోమంది. గజపతినగరం నుంచి వచ్చిన బట్టల కొట్టు షావుకారు కుటుంబం రాట్నం ఎక్కింది. ఎదురుగా, నూకయ్య ఎర్ర పెట్టెలో, రెండు బస్తాలు ఎక్కాయి. తోసేవాళ్లు ఓ తోపు తోశారు. రాట్నం తిరిగింది. కిర్రు లేదు, కుర్రు లేదు. ఇన్నాళ్లూ తను తిరుగులేని మనిషినని అనుకున్నాడు నూకయ్య; తను లేకపోయినా తిరుగుతూనే ఉంది. బస్తాలు బుగ్గలు పూరించలేదు. షావుకారు చిన్న కొడుకు పైకి పోతూ ఏడ్చాడు, కిందికి వస్తూ ఏడ్చాడు, దిగాక కూడా ఏడ్చాడు. కానీ ఏడుపుకు రాట్నం ఆగదు కదా.

నూకయ్యకు ఒంట్లో ఎక్కడో ఖాళీ అయినట్టు అనిపించింది. అంత ఒంట్లో అది ఎక్కడో వెతుక్కోవడానికే కొంతసేపు పట్టింది. రాట్నానికే అక్కర్లేకపోతే తను ఇంకెవరికి కావాలి? నెల్లిమర్లలో చెల్లెలు జగ్గమ్మ ఉంది. మొగుడూ పెళ్లాలిద్దరూ నారమిల్లులో పని. వచ్చి మాతో ఉండమని ఏటా అడుగుతుంది. నేను లేకపోతే రాట్నం తిరగదని ఏటా చెబుతాడు. చెల్లెలి గుమ్మంలో వట్టి బరువుగా పడి ఉండలేక చెప్పే మాట అది. ఇప్పుడు ఆ మాట కళ్లెదుటే గిర్రున తిరిగిపోతోంది. పైగా ఇవాళ మిల్లుకు సెలవు. జగ్గమ్మ పిల్లల్ని తీసుకుని వచ్చి తీరుతుంది. నేల మీద కూర్చున్న అన్నను చూస్తుంది.

మధ్యాహ్నం ఎండ వాలాక వాళ్లు రానే వచ్చారు. ముందు పిల్లలు, వెనక జగ్గమ్మ, ఆ వెనక సంచీ, సంచీ వెనక ఆమె మొగుడు సోములు. సోములు ఎంత సన్నమంటే, మిల్లులో దారం తెగితే అతన్నే కడతారని తోటివాళ్లు ఏడిపిస్తారు. పిల్లలు తిన్నగా ఎర్ర పెట్టె దగ్గరకు పరిగెత్తి, లోపల మామయ్య లేకపోవడంతో బిక్కమొహాలు వేశారు. ఏటా జనం రద్దీలో పెట్టెలోంచే పలకరించి పెట్టెలోంచే సాగనంపే మామయ్యను, వాళ్లు నడుం పైనుంచే ఎరుగుదురు. అందరికన్నా చిన్నవాడు సోడాల పెట్టె దగ్గరకు వచ్చి, తల వంచి పరీక్షగా చూశాడు.

“ఒలే అమ్మడూ, మావకి కాళ్లున్నాయే,” అని అక్కను పిలిచాడు.

సోములు ఎర్ర పెట్టెలోకి తొంగి చూసి, “ఏటి బావా, నీ సోటున ఎవులో కూకున్నాడు?” అన్నాడు.

“కొత్తగా సేరేడు. మాటా పలుకూ లేదు గానీ, పని బానే సేస్తన్నాడు.”

సోములు నవ్వాడు. జగ్గమ్మ నవ్వలేదు. అన్న మొహం చూసింది, బస్తాలను చూసింది. ఏడేళ్ల అమ్మడు మాత్రం అంతా ఆలోచించి తేల్చేసింది.

“మావా, ఎదురుగా ఆడున్నాడు గదా. ఈపాలి నువ్వు మాతో కూకో.”

ఇరవయ్యేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. నూకయ్య జగన్నాధం వైపు చూశాడు. జగన్నాధం టికెట్లు లెక్కపెడుతున్నట్టు నటించాడు. నూకయ్య లేచి, ఎర్ర పెట్టెకు ఎదురుదైన పసుపు పెట్టెలోకి అడ్డంగా దూరి కూర్చున్నాడు. మిగిలిన సందుల్లో జగ్గమ్మ, నలుగురు పిల్లలు సర్దుకున్నారు.

తోసేవాళ్లు తోశారు. పెట్టె లేవలేదు. నిచ్చెన వేసి, మిగతా బస్తాలు కూడా పైనున్న ఎదురు పెట్టెలో పడేశారు. లేవలేదు. సోములు బస్తాల మీదకు ఎక్కాడు. అతను ఎక్కిన సంగతి రాట్నానికి తెలియనే లేదు. సోడా బండివాడు బండి వదిలి వచ్చి ఎక్కాడు. పక్క డేరాలో మొండెం లేని తలగా పొద్దస్తమానం మాట్లాడే మనిషి, మొండెంతో సహా పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. పసుపు పెట్టె బెత్తెడు లేచి, ఆలోచించుకుని, మళ్లీ కూలబడింది. చుట్టూ జనం మూగారు. ఈలలు వేశారు. మిల్లువాళ్లు పందేలు కాశారు. నూకయ్య చెవులు ఎర్రబడ్డాయి. నలుగురిని లేపిన మనిషి తను లేవలేకపోయాడు. దిగిపోతానని కమ్మీ పట్టుకున్నాడు.

జగ్గమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది.

“కూకో అన్నియ్యా. ఇన్నేళ్లూ ఊరోల్లందరికీ నువ్వు కూకున్నావు. ఒక్కపాలి ఊరోల్లు నీకు కూకోనీ.”

అప్పుడు జగన్నాధం టికెట్ల డబ్బా మూత మూశాడు. పంచె ఎగగట్టాడు. తన రాట్నాన్నీ, తన కర్మాన్నీ, తన ఇసకనూ తిట్టుకుంటూ వచ్చి, జనం మధ్యలోంచి నిచ్చెన మీదుగా ఎర్ర పెట్టె ఎక్కి, బస్తాల మీద చతికిలబడ్డాడు. బతుకంతా చక్రం తిప్పినవాడే గానీ, అంతవరకు ఒక్కసారీ ఎక్కి ఎరగడు.

పసుపు పెట్టె నేలను వదిలింది. జనం హోరుమన్నారు.

పైకి, ఇంకా పైకి. కోట బురుజు, అయ్యకోనేరు మీద ఎండ, గంటస్తంభం, వాటికవతల నీలంగా కొండలు. ఇవన్నీ నూకయ్యకు పాతవే. ఒంటరిగా వేలసార్లు చూశాడు. పక్కన ఇన్ని ఒళ్లు వెచ్చగా ఆనుకుని ఉండటమే కొత్త. చిన్నవాడు మామయ్య పొట్టను రెండు చేతులా కౌగిలించుకుని కళ్లు మూసుకున్నాడు. పెట్టె కొనకు వెళ్లి ఆగినట్టయిన క్షణంలో, అమ్మడు అలవాటు కొద్దీ కమ్మీ మీద నుంచి వంగి, అడుగున ఉన్న ఎర్ర పెట్టె వైపు చెయ్యి ఊపుతూ గొంతెత్తి అరిచింది.

“మావా! ఓ మావా!”

మిగతా ముగ్గురూ అందుకున్నారు. కింద జగన్నాధం కళ్లు గట్టిగా మూసుకుని, బస్తా చెవులు పట్టుకుని, దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తున్నాడు. అమ్మడు నాలుక కరుచుకుని ఇటు తిరిగింది.

“ఈడే ఉన్నాడు గదా,” అంది, నూకయ్య బుగ్గ నొక్కి చూసుకుని.

పైకెళ్లిన పిల్లలు ఏమని అరుస్తారో నూకయ్యకు తెలిసింది. ముందు పొట్ట కదిలింది. ఆ కబురు మూతికి చేరేలోపు కళ్లకు చేరిపోయింది. పెట్టె మొత్తం ఊగేలా నవ్వాడు. ఆ ఊపుకు రాట్నం ఎవరూ తోయకుండానే ఇంకో చుట్టు తిరిగిందని సోడా బండివాడు తర్వాత చాలా రోజులు చెప్పుకున్నాడు.

కిందికి దిగాక జగన్నాధం కాసేపు నేలను పట్టుకుని నిలబడ్డాడు. నేల తిరగడం ఆగాక నూకయ్య దగ్గరకు వచ్చాడు.

“బస్తాలు అవతల పారేయిస్తాన్రా. రేపొద్దున్న నువ్వే ఎక్కు. అక్కడ కూకోడమంటే ఏటో నాకిప్పుడు తెలిసింది.”

ఆ మాట కోసమే పొద్దున్నుంచీ నూకయ్య చెవులు కాచుకుని ఉన్నాయి. తీరా వచ్చాక, దాన్ని అందుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఒక చేతిలో చిన్నవాడు, రెండో చేతికి అమ్మడు. జగ్గమ్మ ఏటా అడిగే మాటే ఇంకోసారి అడిగింది. తామిద్దరూ మిల్లుకు పోతే పిల్లలకు ఇంటి దగ్గర మనిషి లేడంది.

“కూకునే పనే అన్నియ్యా. మా అరుగు గట్టిదే.”

నూకయ్య రాట్నం వైపు చూశాడు. తరువాత జగన్నాధంతో, “బస్తాలు పారీకండి బాబూ. మూతులు మాత్రం ఇంకో కుట్టు ఎయ్యించండి, ఇసక రాల్తాది,” అన్నాడు.

జగన్నాధం ఏదో తిట్టబోయి, మిఠాయి దుకాణానికి వెళ్లి పొట్లం నిండా జీళ్లు కట్టించి తెచ్చి పిల్లల చేతిలో పెట్టాడు. నూకయ్య రెండు పంచెలూ ఒక చొక్కా మూట కట్టుకున్నాడు. గేటులోంచి పక్కవాటుగా బయటికి నడిచాడు. పిల్లలు ముందు నలుగురూ ఒక పక్కకు లాగారు గానీ, తర్వాత ఇటిద్దరు అటిద్దరుగా సర్దుకున్నారు.

దీపాల వేళకు జనం విరగబడ్డారు. రెండు నిండు సంసారాలు ఒకేసారి వచ్చాయి. ఎదురెదురుగా ఎక్కితే సరిపోతాయని జగన్నాధం ఎర్ర పెట్టెలోంచి బస్తాలు దింపించి, కండువాతో లోపలి పలక తుడవబోయి ఆగాడు. పలక నడుమ, ఇరవయ్యేళ్లుగా ఒకే మనిషి కూర్చున్న చోట, కర్ర అరిగి గరిటె లోపలిలా నున్నగా పల్లమైంది. రంగు బల్బుల వెలుతురు ఆ పల్లంలో కాసింత నిలిచి ఉంది.