నాగేశ్వరి ఇంటి సాలగ్రామం

భర్త పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రిటైరయ్యాక నాగేశ్వరి ఇంద్రేశంలో ఇల్లు కట్టుకుంది. పూజగదిలో అత్తగారిచ్చిన సాలగ్రామం ఉంది కాబట్టి, పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లు నీచు వండటానికి వీల్లేదు. ఎండురొయ్యలు వేయించిందని మొన్ననే సుమిత్ర చేత ఇల్లు ఖాళీ చేయించింది. "కిటికీలన్నీ మూసే వండిన గదమ్మా, గీ ఒక్కసారికి ఊకోండ్రి" అని ఆ పిల్ల ఎంత బతిమాలినా వినలేదు.

ఈరోజు అభిషేకం చేస్తుంటే, కాలేజీలో భూగర్భశాస్త్రం చదివే మనవరాలు కృష్ణప్రియ పక్కన కూర్చుని రాతిలోని చక్రాన్ని వేలితో చూపించింది.

"అమ్మమ్మా, ఇది డైనోసార్ల కాలంలో సముద్రంలో తిరిగిన జీవి గుల్ల. ఆ జీవి చచ్చిపోయాక గుల్ల అచ్చు ఇలా రాయిలో మిగిలిపోయింది."

నాగేశ్వరి చేతిలో పాలచెంబు అలాగే ఆగిపోయింది. ఇన్నేళ్లూ తను నీళ్లు పోసి, పాలు పోసి, తుడిచి తులసి పెట్టింది దీనికా?

"ఏం తినేదే అది?" అంది. ఆకో అలమో అంటుందని ఆమె ఆశ.

"రొయ్యల్లాంటి చిన్న చిన్న ప్రాణుల్ని."

నాగేశ్వరి చెంబులో మిగిలిన పాలు స్వామి మీద పోసి, తులసి పెట్టింది. తర్వాత చెయ్యి తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"సుమిత్రా, ఇల్లు ఇంకా దొరకలేదా? వచ్చెయ్యమ్మా. మా స్వామికి అభ్యంతరం లేదట."