టమాటా కుప్ప దగ్గర ఫొటో

కరోనాకి మార్కెట్ మూతపడి పంటంతా కుళ్లిపోతే, రైతు ఆ టమాటాలన్నీ చేలో కుప్పపోసి, అలసట కొద్దీ దానికే ఆనుకుని నిద్రపోయాడు. నోరు తెరిచి గురకపెడుతున్న మొగుణ్ణి భార్య ఫొటో తీసి తమ్ముడికి పంపింది. "బామ్మర్ది ముందు నా పరువు తీశావు కదే!" అని ఆయన వారం రోజులు మాట మానేశాడు.

ఇప్పుడేమో సర్కారు సాయం కావాలంటే పంట పోయినట్టు రుజువు చూపించమన్నారు మండలాఫీసులో. చేనేమో రైతు ఎప్పుడో దున్నేశాడు. భార్య ఫోను తీసి కౌంటరు మీద పెట్టింది.

గుమాస్తా ఫొటోని పెద్దది చేసి చూశాడు. "కుప్ప సరే, తేదీ కూడా ఉంది. ఈ పడుకున్నాయన మీరేనా?"

"నేనేనండీ."

గుమాస్తా ఫోను భార్యకి తిరిగిచ్చాడు. "మాస్కులో ఎలా తెలుస్తుంది? తీసి ఒకసారి నోరు తెరవండి."

వరుసలో వాళ్లంతా చూస్తుండగా రైతు కళ్లు మూసుకుని నోరు బార్లా తెరిచాడు. గుమాస్తా పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, కాగితం మీద ముద్ర గుద్దాడు. "వారంలో డబ్బు పడుతుంది, వెళ్లిరండి."

బయటికొచ్చాక రైతు మాస్కు మళ్లీ తగిలించుకున్నాడు. "ఆ ఫొటో జాగ్రత్తే."

"ఇందాకటిది కూడా తీశాను. మా తమ్ముడికి పంపేశాను," అంది భార్య.

ఈసారి ఆయన మాట మానలేదు సరికదా, ఎలా వచ్చిందో చూపించమన్నాడు.