తెగాల్సిన కుట్లు

ఏడో నంబరు తాడు మీద కుట్టు తేడాగా ఉంది.

సెల్ టవర్లెక్కేవాళ్ల సామాన్ల గదిలో నా ఉద్యోగం. పొద్దున ఎనిమిదింటికి పన్నెండు మందికి బెల్టులూ తాళ్లూ ఇస్తాను. ప్రతి తాడుకూ ఒకచోట అరచేతంత సంచి ఉంటుంది. అందులో మడతలు వేసి కుట్టిన పట్టీ. మనిషి జారితే ఆ కుట్లు వరసగా తెగుతూ, పడే ఊపును మింగేస్తాయి. ఒకసారి తెగాక ఆ తాడు ఇక పనికిరాదు, పారేయాలి.

ఇంటి దగ్గర నేను బట్టలు కుడతాను. అందుకే కన్ను ముందు దారం మీదికే పోతుంది. కంపెనీవాళ్లు పసుపు దారంతో దగ్గర దగ్గరగా వంకీల కుట్టు వేస్తారు. ఇవాళ తేదీ చూద్దామని నంబరు పట్టీ ఎత్తితే, దాని కింద సంచి అంచున నల్ల దారంతో తిన్నటి కుట్టు. మూల దగ్గర వెనక్కీ ముందుకీ రెండుసార్లు నడిపారు. ఇది ఇంటి మిషను పనే.

ఏడో నంబరు మా అన్నయ్యది. రేపు వాడు ఊళ్లోకెల్లా ఎత్తైన టవరెక్కాలి.

అనుమానం ముందు సూపర్‌వైజరు మీదికి పోయింది. కొత్త తాళ్లు అడిగినప్పుడల్లా "ఇంకో ఏడాది లాగించు తల్లీ" అనే మనిషి. మొన్న నా దగ్గర తాళంచెవి తీసుకుని గంట తర్వాత ఇచ్చాడు.

"ఏంటలా గుచ్చిగుచ్చి చూస్తున్నావ్?" గుమ్మంలోంచి ఆయనే.

"దుమ్ము దులుపుతున్నానండీ."

"దులుపు, దులుపు. నీ దులుపుడికే అరిగిపోయేట్టున్నాయి."

నవ్వాడు. ఆ నవ్వూ నాకు నచ్చలేదు. ఆయన వెళ్లాక తాడును నా సంచిలో పెట్టుకున్నాను.

గేటు దగ్గర అన్నయ్య ఆపాడు.

"నా తాడు అక్కడ లేదేంటే?"

"వేరేది ఇస్తాలే రేపు."

"వద్దు. నాకు నాదే కావాలి."

ఏ తాడిచ్చినా మారుమాట లేకుండా తీసుకెళ్లే మనిషి. తను మాట్లాడుతున్నంతసేపూ నా సంచి వంకే చూశాడు.

ఇంటికి వచ్చేసరికి వదిన కూరగాయలు తరుగుతోంది.

"మీ అన్నయ్య వారం నుంచీ బోర్లా పడుకుంటున్నాడు, గమనించావా?" అంది. "తొడలు కమిలిపోయాయి. బండి మీంచి జారాడట. బండికి మాత్రం ఒక్క గీత పడలేదు. ఎంత బుద్ధిమంతురాలో ఆ బండి!"

నేను తిన్నగా మిషను దగ్గరికి వెళ్లాను. పని అయ్యాక మిషను పాదం కింద బట్టముక్క పెట్టడం నా అలవాటు. ముక్క లేదు. సూది నేను వాడేది కాదు, లావుది. బాబిన్‌లో నల్ల దారం. సొరుగు అడుగున విరిగిన సూదులు రెండు, నేను కొనని నల్ల రీలు ఒకటి.

వెనకాల అన్నయ్య నిలబడి ఉన్నాడు.

"అరవకు. మీ వదిన వింటుంది."

"పడ్డావా?"

"పడలేదు, వేలాడానంతే. ఒక్క క్షణం. చెబితే మూడు నెలలు కింద కూర్చోబెట్టి కేబుళ్లు చుట్టమంటారు. అందరూ ఎగతాళి. అయినా నీకంటే గట్టిగా కుట్టాను, లాగి చూసుకో!"

లాగి చూశాను. నిజంగానే గట్టిగా ఉంది. సంచి విప్పితే లోపలి మడతలన్నీ అదే నల్ల దారంతో బిగించి ఉన్నాయి.

"అవి తెగడానికి వేసిన కుట్లు అన్నయ్యా. నువ్వు తెగకుండా కుట్టావు. ఈసారి జారితే ఆ దెబ్బంతా నీ నడుము మీదే పడుతుంది."

బట్టకు తప్ప దేనికీ తాకనివ్వని నా కత్తెర తీసి, పట్టీని అడ్డంగా కోసేశాను. గుమ్మంలో వదిన ఎప్పుడొచ్చిందో, చేతిలో కూరగాయల కత్తితో చూస్తోంది.

"ఇంకెవరివైనా కుట్టావా?" అనడిగాను.

"లేదు. నాదొక్కటే."

ఆ మాట నా మొహంలోకి చూడకుండా అన్నాడు. రీలు చేతిలోకి తీసుకున్నాను. సగానికి పైగా అయిపోయింది. ఒక్క సంచికి అంత దారం పట్టదు.

పొద్దున ఎనిమిదింటికి అందరూ వచ్చారు. నేను ఎవరికీ తాడు ఇవ్వలేదు. కత్తెర బల్ల మీద పెట్టుకుని ఒకటో తాడు నుంచి నంబరు పట్టీలు ఎత్తి చూడడం మొదలుపెట్టాను. అన్నయ్య చివరన నేల చూస్తూ నిలబడ్డాడు. సూపర్‌వైజరు గడియారం చూసుకుంటూ, "ఇవాళేంటమ్మా కొత్తగా?" అన్నాడు.

నాలుగో నంబరు పట్టీ కింద నల్ల దారం.

రిజిస్టరు తెరిచి ముందు ఏడు అని రాశాను. దాని కింద నాలుగు. ఇంకా ఏడు తాళ్లు చూడాలి.