రాజమల్లయ్య సారు జేబులో చిట్టీ

స్వరాజ్యం పొద్దున జొన్నరొట్టెలు చేస్తూనే వార్తలు చదివేది. పెంక మీద ఒక రొట్టె, పీట మీద ఇంకొకటి, ఉప్పుడబ్బాకు ఆనించిన ఫోను. చేతులనిండా పిండి కాబట్టి చిటికెనవేలి గోటితో బటన్లు నొక్కేది.

"రొట్టె మాడుతున్నది. గా ఫోన్ల అంతగనం ఏమున్నదే?" అనేది అత్త కనకవ్వ.

"వార్తలత్తా."

"వార్తలు జూడనీకి మొగోళ్లున్నరు గద."

ఆమె ఫోనులో చూసేది ఫీడ్ రీడర్. పోయినేడు తను పనిచేసే కోహెడ బడిలో లెక్కల టీచరు ఆబిదా నేర్పింది. "అక్కా, నీకు ఏ పేపర్లు గావాల్నో ఒక్కసారి చెప్పి పెట్టు. ఏ పేపర్ల కొత్త వార్త పడ్డా అదే తెచ్చి నీ ముంగట పెడతది. చదవనియి నల్లగ కనపడ్తయ్, చదివినంక తేటబడ్తయ్" అని పన్నెండు పేపర్లు ఎక్కించి ఇచ్చింది. ఇంటికి వచ్చే ఒక్క పేపరూ ముందు భర్తకు, తర్వాత మామకు, ఆ తర్వాత పక్కింటికి వెళ్లి, తిరిగి తన చేతికి వచ్చేసరికి సాయంత్రమయ్యేది. అప్పటికి దాని మీద ఉల్లిపొట్టు ఉండేది. సోషల్ టీచరయ్యుండి పిల్లలకు నిన్నటి సంగతులే చెబుతున్నానని ఆమెకు లోలోపల సిగ్గుగా ఉండేది. అది వచ్చాక తెలంగాణ గురించి పదో తరగతి పిల్లలు ఏది అడిగినా, ఏ పేపరు ఏం రాసిందో, ఎవరన్నారో, ఎప్పుడన్నారో బోర్డు మీద రాసి మరీ చెప్పేది. "మా టీచర్‌కు పొద్దుగాల్నే ఎరుక" అని పిల్లలు ఊళ్లో చెప్పుకుంటుంటే ఆమె నడకలో కూడా ఏదో తేడా వచ్చింది.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బడులు మూతపడ్డాయి. భర్త రాజమల్లయ్య కూడా టీచరే. సిద్దిపేటలో టీచర్ల సమ్మె శిబిరానికి ఆయనే పెద్ద. రోజూ మైకు పట్టుకోవాలి, రోజూ కొత్త ముచ్చట చెప్పాలి. అందుకని టిఫిన్ డబ్బాతో పాటు ఒక చిట్టీ కూడా అడగడం మొదలుపెట్టాడు. ఆమె రొట్టెలు చేస్తూ చదివినదాన్ని నాలుగు లైన్లలో రాసిచ్చేది. ఆయన దాన్ని అంగీ జేబులో పెట్టుకుని పోయేవాడు.

శిబిరం వెనక పొయ్యి దగ్గర ఆడ టీచర్లతో కలిసి టమాటలు కోస్తుంటే, ఆమె రాసిన మాటలే మైకులోంచి ఆమెకు వినపడేవి. "రాజమల్లయ్య సారు ఎంత చదువుతడో!" అని జనం చప్పట్లు కొట్టేవారు. మొదట్లో సంతోషమే అనిపించింది. నా మాటకే కదా కొడుతున్నారు అనుకుంది. రానురాను ఆ సంతోషం గొంతు దిగడం మానేసింది. ఒకనాడు అడిగింది కూడా.

"ఏ పేపర్ల అచ్చిందో గది గూడ చెప్పు. ఊకె చెప్తే ఎట్ల?"

"పేపర్ల పేర్లన్ని చదివితే ఉపన్యాసం సప్పగైతది. నువ్వు రాయి, నేను చెప్త. ఇద్దరం ఒకటే గద!"

ఒక ఆదివారం చిట్టీలో ఇట్లా రాసింది: 'సోమవారం హాస్టళ్లు తెరుస్తారని ఒక పేపరు. తెరవరని ఇంకో పేపరు. ఆఫీసర్లు ఎవరూ చెప్పలేదు.' రాజమల్లయ్య మైకులో, "సోమవారం ఆస్టళ్లు తెరుస్తున్నరు! ఎవలు తెరిచినా మనం మాత్రం బడికి పోయేది లేదు!" అని చెయ్యెత్తాడు. చప్పట్లు. వెనక స్వరాజ్యం చేతిలో కత్తి ఆగింది. లేవబోయింది. 'అంత మందిలో ఎట్లా?' అనుకుని మళ్లీ టమాట అందుకుంది.

మంగళవారం రోడ్డు మీద వంటావార్పు నిరసన. మధ్యాహ్నం కావస్తుండగా సీతాఫలాలమ్మే బాలవ్వ వచ్చి, నెత్తి మీది గంప దించి, మైకు ముందు నిలబడింది.

"సారూ, నీ మాట ఇని నా మనుమరాలు సింధుజను కోహెడ ఆస్టల్‌కు తోలిన. బస్సుల్లేకపాయె, ఆటో ఎక్కి పోయింది. గాడ తాళమున్నది. పొద్దుగూకేదాంక ఒక్కతే గేటుకాడ గూసున్నది. ఆడపిల్ల సారూ!"

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నన్నేం జేయమంటవ్ బాలవ్వా? మా ఇంట్లామె తప్పు రాసిచ్చింది."

"ఓహో సారూ, ఉపన్యాసం ఇంటికాడి నుంచి అస్తున్నదా?" అని ఎవరో నవ్వారు.

స్వరాజ్యం పప్పులో గరిటె అట్లాగే వదిలేసింది. ఇన్ని రోజుల చప్పట్లలో ఒక్కసారి కూడా తన ఊసు లేదు. తప్పు దొరికిన రోజు మాత్రం తను గుర్తొచ్చింది. ఊరుకుంటే రాత్రికి ఆయన 'అట్లనాల్సి వచ్చింది, మనసుల పెట్టుకోకు' అంటాడు, తనూ పెట్టుకోదు. కానీ సింధుజ తన క్లాసు పిల్ల. తాళం వేసిన గేటు ముందు కూర్చుని, మా టీచరు అబద్ధం రాసింది అనుకుంటుందా? చిట్టీలో అబద్ధం లేదు. ఒక్క అక్షరం కూడా లేదు. కొంగుతో చేతులు తుడుచుకుని జనం మధ్య నుంచి నడిచింది.

"రాసింది నేనే. ఇన్ని దినాలు రాసింది గూడ నేనే" అంది. భర్త ముందు చెయ్యి చాపింది. "ఆదివారం చిట్టీ ఇటియ్యి."

ఆయన జేబులో చిట్టీలన్నీ మడతలు పడి అట్లాగే ఉన్నాయి. వెతికి తీసి ఇచ్చాడు. ఆమె మూడు వాక్యాలూ మైకులో చదివింది. నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. తర్వాత బాలవ్వ వైపు తిరిగింది.

"సారు ఒక్క ముక్కనే చదివిండు బాలవ్వా. నేను ఎనక గూసొని ఇన్న. లేచి కాదనలే. గది మాత్రం నా తప్పే."

బాలవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "మరిప్పుడు ఆస్టల్ ఎప్పుడు తెరుస్తరే బిడ్డా?"

స్వరాజ్యం ఫోను తెరిచింది. నల్లగా ఉన్నవన్నీ ఒక్కొక్కటే చూసింది. అంతమంది ఆగారు. ఇన్నాళ్లలో ఆ మైకు దగ్గర ఎవరూ అంతసేపు మాట్లాడకుండా నిలబడలేదు.

"తెల్వదు. ఇప్పటిదాంక ఎవ్వలు చెప్పలే" అంది.

"తెల్వదని చెప్పేటోళ్ల మాట ఇనొచ్చు." బాలవ్వ గంప నెత్తికెత్తుకుంది. "రేపు ఏ యాళ్లకు చెప్తవ్?"

"పదింటికి" అంది స్వరాజ్యం. అన్నాక గానీ తెలియలేదు, మైకులో చెప్తానని ఎవరి అనుమతీ అడగకుండానే మాటిచ్చేశానని.