బుచ్చన్న సంచిలో బరువు

ఆ రోజుల్లో సిరోంచ నుంచి అంకీస వైపు వేసిన తారు రోడ్డు ఎంత సన్నగా ఉండేదంటే, దాని మీద జెర్రిపోతు అడ్డంగా పడుకుంటే తల ఒక పక్క మట్టిలోనూ తోక ఇంకో పక్క మట్టిలోనూ ఉండేవి. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ జెర్రిపోతు ఇప్పుడు లేదు గాని నేను ఉన్నాను. రోడ్డు వేసినవాళ్లు తారు అంచున మొరం కంకర పొయ్యడం మరిచిపోయారు. తారుకూ పక్కన ఉన్న నల్లమట్టికీ మధ్య జానెడు లోతు. జీపూ సైకిలూ ఒక్కసారే పట్టవు. ఎదురు రావాలన్నా దాటిపోవాలన్నా ఎవరో ఒకరు మట్టిలోకి దిగాలి.

దీనికి మా దగ్గర ఎడ్లబండ్ల కాలం నుంచి ఒక పద్ధతి ఉండేది. ఖాళీగా ఉన్నవాడు దిగాలి, బరువు మీద ఉన్నవాడికి తొవ్వ ఇవ్వాలి. వడ్ల బండి కనబడితే చాలు, ఖాళీ బండివాడు అడిగించుకోకుండా ఎడ్లను పక్కకు తోలేవాడు. తారు వచ్చినా, సైకిళ్లు వచ్చినా, ఎనభైలలో జీపులు వచ్చినా మా ఊళ్లవాళ్లు అదే నడిపారు. బయటినుంచి వచ్చే వెదురు లారీలకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినడానికి వాటికి చెవులు లేవు, హారన్లే ఉన్నాయి. ఒక లారీ హారన్ కొడితే ప్రాణహిత అవతలి ఒడ్డున కట్టేసిన బర్రె నెల ముందే ఈనింది.

నాకు ఈ బాధ లేదు. నేను ఎండుచేపలు అమ్మేవాణ్ణి. బుట్ట నిండుగా ఉన్ననాడు గాలి నా వైపు నుంచి వీస్తే లారీ అయినా దూరం నుంచే పక్కకు జరిగేది. బాధ అంతా బుచ్చన్నది.

బుచ్చన్న మా ఊరి కుమ్మరి, ఊరి వరసన నాకు బావ, నేనూ ఆయనకు బావనే. సైకిలు క్యారియర్‌కు రెండు పక్కలా వెదురు బుట్టలు కట్టి, గడ్డి పరిచి, కుండలు పేర్చుకుని ఊరూరా తిరిగేవాడు. కుండ ఇచ్చి దాని నిండుకు వడ్లు తెచ్చుకునేవాడు. ఆయన కుడి మోకాలు వాచి సరిగ్గా మడత పడేది కాదు. తొక్కగలడు గాని కింది నుంచి సైకిలు ఎక్కలేడు. ఎక్కాలంటే కాలు పెట్టడానికి ఎత్తు కావాలి, రోడ్డు మీద ఎత్తు అంటే కిలోమీటరు రాయి ఒక్కటే. అందుకని ఆయన్ని ఒకసారి దింపితే మళ్లీ రాయి వచ్చేదాకా సైకిలు నెట్టుకుంటూ నడవాల్సిందే.

"రాళ్లు జర దగ్గర దగ్గర పాతమని సర్కారుకు దరఖాస్తు పెడ్తా బావా, నీ పేరు మీద," అన్నాను ఒకసారి.

"రాళ్లెందుకు బావా, నన్నే పాతమను. వచ్చేపోయేటోళ్లు ఎక్కుతరు," అన్నాడు.

ఇక జోగయ్య. పక్క ఊరివాడే. పాత జీపు ఒకటి సంపాదించి సిరోంచ నుంచి మనుషులను తిప్పేవాడు. సిరోంచ బస్టాండులో రాజవ్వ చాయ్ హోటల్ పక్కన ఒక వేపచెట్టు ఉండేది. దాని నీడ మా సైకిళ్లది. జీపులు వచ్చాక ఆ నీడ జీపులకూ కావలసివచ్చింది. ఒక ఎండకాలం, వారం సంత జరిగే అంగడి రోజు జోగయ్య వెనక్కి తోలుకుంటూ వచ్చి మొదటి సైకిలును తాకించాడు. అది పక్కదాని మీద పడింది, అది దాని పక్కదాని మీద. చివరి సైకిలు పడేసరికి నేను చాయ్ తాగి కప్పు కూడా ఇచ్చేశాను. బుచ్చన్న అప్పటికే కుండలు దించుకున్నాడు కాబట్టి బతికాడు.

"నీ జీపుకేమన్న చెమట పడుతదా జోగయ్యా, దానికి నీడెందుకు?" అన్నాడు.

"సీట్లు కాలుతున్నయి పెద్దయ్యా. ఆడోళ్లు కూసుంటలేరు."

"మా సీట్లేమన్న ఐసుగడ్డలా?"

"బస్సు ఎక్కరు, దిగరు. సైకిలోళ్లకు బస్టాండుతోని ఏం పని?"

రాజవ్వ పొయ్యి దగ్గర నుంచే అంది: "జీపోళ్లు నా దగ్గర నీళ్లు తాగి పోతరు, సైకిలోళ్లు చాయ్ తాగి పోతరు. ఆ చెట్టుకు బిందెలు మోసింది నేను. ఎవలు నిలవడాల్నో నేను చెప్త."

జోగయ్య తల గోక్కుని జీపును సగం ఎండలోకి జరిపాడు. పడిపోయిన సైకిళ్లను తనే లేపి నిలబెట్టాడు. "గీడ నీడ గుంజుకున్నంత మాత్రాన గట్లంటవా పెద్దయ్యా? తొవ్వ మీద నేనెన్నడన్న బరువు మీదున్నోణ్ణి దించిన్నా?"

"దించలే," అన్నాడు బుచ్చన్న. నిజమే మరి, దించలేదు.

ఆ ఏడు మా దిక్కుకు ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి. ఎర్రవి, పచ్చవి, పడేసినా పగలనివి. కుండ నిండుగా వడ్లు కొలిచినవాళ్లు సగం కుండకు దిగారు. కొందరు బుచ్చన్న గొంతు వినగానే తలుపు దగ్గరకు వేశారు. పొద్దున బరువుతో పోయి సాయంత్రం సంచి అడుగున ఇన్ని వడ్లతో తేలిగ్గా వచ్చేవాడు. తేలిగ్గా వచ్చేవాడు దిగాలి కదా. ప్రతి హారన్‌కూ దిగేవాడు, రాయి దాకా నడిచేవాడు.

బుట్టల్లో పరిచిన గడ్డి గాలికి ఎగిరిపోతోందని ఒకనాడు దాన్ని వడ్ల మీదే సంచిలో కుక్కి మూతి కట్టాడు. నా మీద ఒట్టు, అందులో వేరే ఆలోచన లేదు. వెనక నుంచి జోగయ్య వచ్చాడు. ఉబ్బిన సంచిని చూశాడు. వడ్లనుకున్నాడు. జీపును మట్టిలోకి దింపి దాటిపోయాడు.

బుచ్చన్న కొంత దూరం తొక్కి, వెనక వస్తున్న నా వైపు తిరిగాడు. "బావా, జోగయ్య దిగిండు," అన్నాడు.

"దిగిండు."

"నేనైతే ఏం చెప్పలే."

"నువ్వేం చెప్పలే. సంచి చెప్పింది."

మరుసటిసారి సంచి ఇంకా ఉబ్బింది. మూతికి సుతిలి దారంతో కుట్టు పడింది. గడ్డిని మోసుకుంటూ వడ్లు మోస్తున్నవాడిలా రొప్పడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. హారన్ వినబడితే వీపు వంగిపోయేది, ఊపిరి పైకి వచ్చేది.

"గిన్ని వడ్లు ఇంట్ల పడుతున్నయా బావా?" అనేవాణ్ణి.

"వడ్లు పొయ్యను గుమ్మి కడుతున్న," అనేవాడు.

అయితే లారీలవాళ్లకు గడ్డీ ఒకటే, వడ్లూ ఒకటే. వాళ్లు హారన్ మీద చెయ్యి తీసేవాళ్లు కాదు. వాళ్ల ముందు బుచ్చన్న ఎప్పటిలాగే దిగేవాడు, ఎప్పటిలాగే నడిచేవాడు. నేను ఆ మాటే అన్నాను: "నీ సంచి లారోళ్ల ముందట నడుస్తలేదు. మనోడు జోగయ్య ఒక్కడే మోసపోతుండు."

ఆయన, "నాకు చెడింది గూడ ఒక్క మోకాలే. దానికి ఒక్కడు దొరికిన చాలు," అన్నాడు.

తొలకరి తెచ్చే మిరుగం కార్తె ఇంకా రాలేదు, వాన మాత్రం ముందే వచ్చింది. అంగడి రోజు మధ్యాహ్నం గట్టిగా కొట్టి వెలిసింది. సాయంత్రం సిరోంచ నుంచి ఇంటికి వస్తున్నాం. ముందు బుచ్చన్న, క్యారియర్ మీద సంచి. వెనక నేను. రోడ్డు పక్క నల్లమట్టి పిసికిన పిండిలా ఉంది. వెనక జీపు చప్పుడైంది. నా బుట్ట ఖాళీ, గాలి కూడా జీపు వైపు నుంచే. నేను దిగి బురదలో నిలబడ్డాను.

"బావా, ఇయ్యాల దిగు. పక్కన అడుసుంది," అని కేకేశాను.

"రాయి ఇప్పుడే దాటినం," అన్నాడు, వెనక్కి చూడకుండా. వీపు వంగిపోయింది.

జీపు నా పక్కనే ఆగింది. లోపల మనుషులు ఒకరి మీద ఒకరున్నారు. "దించు ఆ ముసలాయనను," అన్నాడు లోపలినుంచి ఒకడు.

"బరువు మీదున్నడు," అన్నాడు జోగయ్య.

"మనం లేమా?"

"మనం దిగి నడుస్తం. వడ్లు నడుస్తయా?" అని స్టీరింగు తిప్పాడు.

జీపు రెండు చక్రాలు బురదలోకి దిగాయి, బుచ్చన్నను దాటకముందే ఇరుసు దాకా కూరుకుపోయాయి. అందరూ దిగారు. నెట్టారు. చక్రం తిరిగిన కొద్దీ లోపలికే పోయింది. నెట్టినవాళ్ల మొహాలు ఎవరివో వాళ్ల ఇంటివాళ్లు కూడా ఆనవాలు పట్టలేరు. ఒక్క ఆడమనిషి మాత్రం చేతిలో సీసా పట్టుకుని తారు మీద నిలబడింది. బుచ్చన్న సైకిలు ఆపి దిగాడు, ఆమెను చూశాడు. ఆయన భార్య నర్సక్క. మోకాలి నొప్పికి తైలం తేవడానికి సిరోంచ పోయి వస్తోంది.

"చక్రం కింద ఏమన్న వెయ్యాలె," అన్నాడొకడు. "రాళ్లు, కొమ్మలు."

చుట్టూ దున్నిన పొలాలే. రాయి లేదు, కొమ్మ లేదు.

"ఇంత గడ్డి ఉంటే ఒక్క గుంజుల లేస్తుండె," అన్నాడు జోగయ్య. "మిరుగం ముందట ఇక్కడ గడ్డెవలిస్తరు?" భుజం మీది తువ్వాల తీసి చక్రం కింద కుక్కాడు. చక్రం దాన్ని మింగేసింది. అంగీ విప్పడం మొదలుపెట్టాడు.

నర్సక్క మొగుణ్ణి చూస్తోంది. నేను ఎటో చూస్తున్నాను. బుచ్చన్న చెయ్యి సంచి మీద ఉంది. జోగయ్య రెండో గుండీ విప్పేసరికి ఆయన సైకిలును నెట్టుకుంటూ జీపు దగ్గరకు వచ్చి సంచి దించాడు. పళ్లతో సుతిలి తెంపాడు.

"వద్దు పెద్దయ్యా, వడ్లు ఖరాబు చెయ్యకు," అన్నాడు జోగయ్య.

బుచ్చన్న సంచి బోర్లించాడు. గడ్డి పడింది, పడుతూనే ఉంది. చివరకు అడుగున ఉన్న చిన్న గుడ్డమూట జారి పడింది. పిల్లి తలకాయంత ఉంటుంది, అవే ఆ రోజు వడ్లు. నవ్వడం నా పని, నేనూ నవ్వలేదు. నర్సక్క వంగి మూట తీసి కొంగుతో తుడిచింది.

జోగయ్య కూర్చుని ఆ గడ్డిని గుప్పిళ్లతో చక్రాల కింద కుక్కాడు. జీపు రెండు గుంజులకు తారు ఎక్కింది. "ఎక్కుండ్రి," అన్నాడు అందరితో. బుచ్చన్న వైపు చూడలేదు.

నర్సక్క ఎక్కలేదు. "మీరు పోండ్రి. మేం రాయి దాక నడుస్తం."

జీపు పోయాక ముగ్గురం నడిచాం.

"ఎన్నొద్దుల సంది?" అంది నర్సక్క.

"ఎండకాలం నడిమిట్ల సంది."

"నాకన్న చెప్పద్దా? చెప్తే ఊక గలిపి కుడుతుంటి గదా. ఉత్త గడ్డి గదా, చూసేటోనికి గుడ్డితనం లేకుంటే కనబడదా?"

"వానికి గుడ్డితనం లేదు నర్సూ. వాడు నమ్మిండు," అన్నాడు బుచ్చన్న.

ఆ తర్వాత వానలు మళ్లీ మొహం చాటేశాయి, మట్టి ఎండింది. బుచ్చన్న ఆ ఎండకాలం కాల్చిన చివరి ఆవం కుండలు ఎత్తుకుని బయలుదేరాడు. బుట్టల నిండా కుండలు, మీద తాళ్లు. నిజం బరువే. వెనక జోగయ్య జీపు చప్పుడు వినబడగానే హ్యాండిలు అంచు వైపు తిప్పి మళ్లీ నడుమకు తెచ్చుకున్నాడు. దిగితే మోకాలు పోతుంది, ఆ అంచు మీద జారితే కుండలన్నీ పోతాయి.

"ఇగ కుండలను గూడ నమ్మడు బావా," అన్నాడు. "దిగుదునా?"

నేను వెనక్కి తిరిగి చూశాను.

జీపు ఆగింది. జోగయ్య ఇంజను ఆపకుండా దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. బుచ్చన్న ఆపబోయాడు.

"ఆపకు పెద్దయ్యా, తొక్కు. ఆపితే మళ్ల రాయి గావాలె."

సైకిలు పక్కన నడుస్తూ పై కుండ మీద వేలిముడితో కొట్టి చెవి పెట్టాడు. ఖంగుమంది. రెండో పక్కకు తిరిగి వచ్చి ఇంకోదాన్ని కొట్టాడు. అదీ ఖంగుమంది. వెనక్కి పోయి, జీపును మట్టిలోకి దింపి, మమ్మల్ని దాటిపోయాడు.

ఆనాటి నుంచి ప్రతిసారీ అంతే. దిగుతాడు, కొడతాడు, వింటాడు, తొవ్వ ఇస్తాడు. ఒక్కసారి కూడా కొట్టకుండా ఇవ్వలేదు. ఆ చెవి ఎంత పదునెక్కిందంటే, పెళ్లిళ్లకు కుండలు కొనేవాళ్లు ముందు జోగయ్యను పిలిపించుకునేవాళ్లు.

సాయంత్రాలు తిరిగి వచ్చేటప్పుడు బుచ్చన్న గడ్డిని సంచిలో కుక్కలేదు. క్యారియర్ మీద అందరికీ కనబడేలా కట్టాడు. జీపు చప్పుడు దూరంగా ఉండగానే దిగి మట్టిలో నిలబడేవాడు. జోగయ్య హారన్ కొట్టకుండా, దుమ్ము లేవకుండా మెల్లగా పోయేవాడు. తర్వాత మేము సైకిళ్లు నెట్టుకుంటూ నడిచేవాళ్లం. నా మోకాళ్లు బాగానే ఉండేవి. అయినా నడిచేవాణ్ణి.

"రాయి కనబడుతుందా బావా?" అనేవాడు.

"ఇంక లేదు."

"నడువు మరి."