పై బీడు గేటు

మాకు రెండు బీళ్ళు. ఇంటి పక్క పల్లంలో కింద బీడు, గుట్ట వాలు మీద పై బీడు. ఒకదాంట్లో గొర్రెల మంద మేస్తుంటే రెండోదానికి గేటు వేసి ఉంచుతాం. అక్కడి గడ్డి తేరుకుని, పూసి, గింజ రాల్చాక అది తెరిచి ఇది మూస్తాం. ఈ పనికి మా ఇంట్లో ఒకటే కట్టుబాటు: గేటు మూసినవాళ్ళే తెరవాలి. ఒకరు మూసింది తెలియక ఇంకొకరు మందను తోలితే లేత గడ్డి నాశనమవుతుందని మా మామగారు బతికుండగా పెట్టారు. మూసినవాళ్ళు పోతే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ అనుకోలేదు.

పై బీడు మూసింది మా ఆయన. ఆ వారంలోనే జ్వరం వచ్చి పోయాడు.

తర్వాత మూడు వానాకాలాలు వెళ్ళాయి. గేటు అలాగే ఉంది. అత్తయ్య ముందు ఆ మాట ఎత్తడానికి నాకు గానీ మరిదికి గానీ నోరు రాలేదు. అరుగు మీద కూర్చుంటే గుట్ట వాలు కనిపిస్తుంది. గాలికి ఊగే ఆ గడ్డిని చూస్తూ ఆవిడ పొద్దుపుచ్చేది. కొడుకు దాచిపెట్టి వెళ్ళిన మేత అని, కష్టకాలంలో అక్కరకొస్తుందని చెప్పేది. మేమూ అలాగే అనుకున్నాం.

మంద భారమంతా కింద బీడు మీద పడింది. గొర్రెలు నేలకు మూతి ఆనించి గీకేవి. చివురు తల ఎత్తిన పూటే కొరికేసేవి. వాన పడితే నీళ్ళు ఇంకకుండా ఎర్రగా వాకిట్లోకి వచ్చేవి. నేను రోజూ పొద్దున్నే కాలవ గట్ల మీద గడ్డి కోసి మోపు మోసుకొచ్చేదాన్ని. దింపాక కాసేపటిదాకా మెడ తిరిగేది కాదు.

“వదినా, గొర్రెల్ని మనం మేపుతున్నామా, మనల్ని అవి ఆడిస్తున్నాయా?” అనేవాడు మరిది. నవ్వే ఓపిక కూడా ఉండేది కాదు.

ఈ ఏడు గొర్రెలు చూడితో ఉండగా కాలవ గట్లు కూడా ఎండిపోయాయి, ఎంత తిరిగినా అర మోపుకు మించి దొరకడం లేదు. నిమిరితే వెన్నెముకలు చేతికి తగులుతున్నాయి. ఇలాగే ఈనితే పాలుండవు, పిల్లలు బతకవు. మందను ఎవరికైనా ఇచ్చేసి కూలికి పోదామని మరిది అన్నాడు. ఆ మాట విన్నాక నేను పచ్చిక బీళ్ళ సంగతి చూసే సర్కారు ఆఫీసుకు వెళ్ళి అక్కడి మేడమ్‌ను పిలుచుకొచ్చాను. మరిది ఆవిడకు గడ్డి డాక్టరమ్మ అని పేరు పెట్టాడు.

ఆవిడ కింద బీడులో ఒక దుబ్బును పెకలించి చూసింది. వేర్లు నా చిటికెన వేలంత కూడా లేవు. ఆకే వేరుకు తిండి పెడుతుందని, ఆకు నిలవనివ్వకపోతే వేరు కుంగిపోతుందని చెప్పింది. వానలకు ముందే ఈ బీడు మూయాలంది. మరి మందను ఎక్కడికి తోలాలని అడిగితే గుట్ట వైపు చూసింది. అత్తయ్య లేచి లోపలికి వెళ్ళిపోయింది.

గేటు ముట్టుకోకుండా కంచె దాటి పైకి వెళ్ళాం. దూరం నుంచి నిండుగా కనిపించే గడ్డి దగ్గరికి పోతే బూడిద రంగులో ఉంది. డాక్టరమ్మ ఒక దుబ్బును రెండు చేతులతో విడదీసింది. లోపల మూడేళ్ళ ఎండుటాకులు చాపలా పేరుకున్నాయి. వాటి కింద కొత్త మొలకలు వెలుతురు లేక దారప్పోగుల్లా పాలిపోయి ఉన్నాయి. లాగితే దుబ్బు నడిభాగం చేతిలోకి ఊడి వచ్చింది.

“దీన్ని మూయడం మంచిదేనమ్మా. తెరవకపోవడం వల్లే ఇలా అయింది. తినే నోరు, తొక్కే కాలు లేక తన ఆకుల కిందే తనకు ఊపిరాడటం లేదు,” అంది. సగం మేత మిగిలి ఉండగానే మందను తీసేయాలని కూడా చెప్పింది.

ఆ చచ్చిన దుబ్బును తెచ్చి అత్తయ్య పక్కన పెట్టాను. ఆవిడ దాని నడుమ వేలు పెట్టి చాలాసేపు కదిపింది.

“వాడుంటే ఆ ఏడే తెరిచేవాడు,” అంది చివరికి.

మర్నాడు తెల్లవారేసరికి చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ముగ్గురం మందతో గుట్ట ఎక్కాం. గేటుకు చుట్టిన ఇనప తీగ తుప్పు పట్టింది. నేను తిప్పేకొద్దీ బిగుసుకుంటోంది. కోసేద్దామని మరిది పటకారు తీశాడు.

“కొయ్యకురా. అటు కాదమ్మా, ఇటు తిప్పు. వాడిది ఎడమ చెయ్యి,” అంది అత్తయ్య.

ఇన్నేళ్ళు ఆ చేతి పక్కన కూర్చుని అన్నం తిన్నాను. నాకు గుర్తు రాలేదు. ఇటు తిప్పితే తీగ తేలిగ్గా వచ్చేసింది.

గొర్రెలు లోపలికి పోయి ముదురు ఆకును వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. మగపెళ్ళివారిలా వంకలు పెడుతున్నాయని మరిది విసుక్కున్నాడు. ఆకలి ఆగక కాసేపటికి తలలు దూర్చాయి. వాటి కాళ్ళ కింద ఎండుటాకులు విరుగుతున్న చప్పుడు గేటు దాకా వినిపించింది.

దిగివచ్చి కింద బీడు గేటు మూశాను. తీగకు రెండు మెలికలు వేసేసరికి అత్తయ్య నన్ను జరగమని తనూ ఒక మెలి వేసింది. తర్వాత మరిదిని పిలిచి అతని చేత కూడా ఒకటి వేయించింది.

“ముగ్గురం మూశాం. గింజ రాలే వేళకి ఎవరుంటే వాళ్ళు తెరవండి,” అని కర్ర పట్టుకుని ఇంటి దారి పట్టింది.

ఆ రోజు మోపు తెచ్చే పని లేదు. ఏం చెయ్యాలో తోచక గేటు పక్కన రాయి మీద కూలబడ్డాను.